రోడ్డు కంటే పల్లం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని ఎందుకు అనలేదో నాకు అర్థం కాదు. మా ఎదురింటి లాల్‌సింగన్నను చూసి ఉంటే తప్పకుండా అనేవాళ్లు.

ములకలపల్లిలో అడవి వైపు చివరి వీధి మాది. లాల్‌సింగన్న ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపి రిటైరయ్యాడు. మనిషికి నిలకడ లేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు, చాయ్ కూడా నడుస్తూనే తాగుతాడు. భార్య కమ్లక్కకు కిడ్నీలు చెడిపోయాక ఆ తిరుగుడు ఇంకా ఎక్కువైంది. వారానికి మూడుసార్లు ఆమెను డయాలసిస్‌కు కొత్తగూడెం తీసుకుపోవాలి. వానాకాలం మా వీధి బురదలోకి ఆటో వచ్చేది కాదు. ఆమెను మెయిన్ రోడ్డు దాకా నడిపించి బస్సెక్కించేవాడు, సాయంత్రం సగం ప్రాణంతో ఉన్న మనిషిని మళ్లీ అదే బురదలో నడిపించుకొచ్చేవాడు.

అందుకే సీసీ రోడ్డు కోసం తిరిగాడు. మేమంతా సంతకాలు పెట్టి ఇళ్లలో కూర్చున్నాం. ఆఫీసుల మెట్లు ఎక్కి దిగింది ఆయనొక్కడే. చివరికి రోడ్డు మంజూరైంది, పని జరిగినన్నాళ్లూ మేస్త్రీ పక్కనుంచి కదల్లేదు. గనిలో డంపర్లు తిరిగే రోడ్డును ఎప్పుడూ ఎత్తుగా వేస్తారు, నీళ్లు రెండు పక్కలా జారిపోవాలని. ఆయనకు తెలిసిన మంచి రోడ్డంటే అదే. రోడ్డు కింద ఇంకింత మొరం మట్టి పొయ్యమని దగ్గరుండి పోయించాడు. గని రోడ్డు పక్కన ఇళ్లుండవన్న సంగతి ఆయనకు తట్టలేదు. నిజం చెప్పొద్దూ, మాకూ తట్టలేదు.

రోడ్డు పడగానే వీధిలో ఇళ్ల ధరలు లేచాయి. నా ఇంటికి పునాది ఎత్తు, కనుక నాకు లాభమే. ఆయనది పాత ఇల్లు. రోడ్డు దాని గడప కంటే మోకాలెత్తు పైకి వచ్చింది. చినుకు పడితే వీధి నీళ్లన్నీ ఆయన వాకిట్లోకే. తాను తీసిన గోతిలో తానే పడ్డాడని కొందరు నవ్వితే నాకు ఒళ్లు మండింది. ఆయన తిరగకపోతే వాళ్ల గుమ్మాల ముందు ఇంకా బురదే ఉండేది.

ఇల్లు అమ్మి, కొత్తగూడెంలో దవాఖానా దగ్గర చిన్నది కొనాలని ఆయన తాపత్రయం. కమ్లక్క ఈ ప్రయాణాలకు ఇక తట్టుకోలేదని డాక్టర్లు చెప్పేశారు. మాది ఏజెన్సీ, గిరిజనుల ఇల్లు గిరిజనులే కొనాలి, కాబట్టి వచ్చే బేరాలే తక్కువ. వచ్చినవాళ్లు రోడ్డు మీదే నిలబడి, కిందికి చూసి, ఫోన్ చేస్తామని వెళ్లిపోయేవాళ్లు. ఆయన వాకిట్లో మట్టి పోయించాడు, తీయించాడు. కాలువ తవ్వాడు. మెట్లు కట్టాడు. గేటుకు రంగు వేసి, నచ్చక ఇంకో రంగు వేశాడు.

చివరికి భాను అనే టీచర్ తల్లి గోరిని వెంటబెట్టుకొని వచ్చాడు. దమ్మపేట దగ్గరి తండావాళ్లు. లాల్‌సింగన్న ఎదురెళ్లి గేటు తీశాడు. ముసలామె మాత్రం మెట్టు మీద కాలు పెట్టలేదు.

"ఇంట్లకు ఎక్కి పోవాలె కొడుకా. దిగి పోవొద్దు," అంది.

మా వైపు ఆ మాట పడ్డాక ఇక బేరం లేదు. భాను తల వంచుకొని తల్లిని తీసుకుపోయాడు.

మర్నాడు ఒక్కడే వచ్చాడు. జాగా మాత్రం కొంటానన్నాడు. ఇల్లు కూలగొట్టి, రోడ్డు కంటే పైకి మట్టి పోసి, కొత్తది కట్టుకుంటాడట. పాత ఇంటికి మాత్రం ధర కట్టలేనని మర్యాదగానే చెప్పాడు. భాను మాట పూర్తి కాకముందే లాల్‌సింగన్న సరేనన్నాడు. నాకు కోపమొచ్చి, ఇంకొన్నాళ్లు ఆగమన్నాను.

"నేను ఆగుత చెల్లె. ఆమె పానం ఆగదు," అన్నాడు.

ఆ రోజు చుట్టాలమ్మాయి వెంట డయాలసిస్‌కు పోయిన కమ్లక్క సాయంత్రం ఆటో దిగింది. నేనూ ఆయనా చెరో పక్క పట్టుకొని ఆమెను మెట్లు దింపాం. ఇల్లు అమ్ముడుపోయిందని, ఇక బస్సుల బాధ తప్పిందని ఆయన గబగబా చెప్పాడు. ఇంటికి ఎంత ఇచ్చిండ్రని ఆమె అడిగింది. ఆయన వినబడనట్టు మందుల సంచి సర్దాడు. ఆమె మళ్లీ అడిగింది.

"ఇంటికేం లేదు. జాగాకే."

వాళ్లిద్దరూ ఎప్పుడూ లంబాడీలోనే మాట్లాడుకుంటారు. ఆ రోజు నేను పక్కనున్నానని తెలుగులో మాట్లాడారు. ఆ గోడలకు ఇటుకలు మోసింది కమ్లక్కే, సిమెంటు పూసి గిలాబు చేసినప్పుడు నీళ్లు కొట్టింది ఆమే. గోడకు చెయ్యి ఆనించి అడిగింది.

"అయితే మనం ఇన్నేండ్లు ఉత్త జాగలనే ఉన్నమా?"

ఆయన గడప మీదే కూలబడి ఏడ్చాడు. గడప మీద కూర్చోకూడదంటారు. మేమిద్దరమూ లెమ్మనలేదు.