నూకరాజు పడవ బిరడా

నేను మోస్తున్న బరువు తూకం వేస్తే ఛటాకు కూడా ఉండదు. బొటనవేలికన్నా కాస్త లావుగా ఉండే టేకు ముక్క. ఒక కొస సన్నం, ఒక కొస లావు. పదేళ్ల పైనుంచి మోస్తున్నాను. ఇల్లు మారినప్పుడల్లా దాన్ని అటకెక్కించాను. అది అటక దిగి నా మీదకెక్కి కూర్చుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగుంటుంది. తెలిసినవాళ్లకి చెబితే ఓదారుస్తారు. నాకు ఓదార్పు వద్దు. వింటే చాలు.

ఆ ముక్కని బిరడా అంటారు. ఓడల పక్కన వేలాడదీసే ప్రాణరక్షణ పడవలు చూసే ఉంటారు. వాటి అడుగున ఒక బెజ్జం ఉంటుంది. పడవ పైన వేలాడుతున్నంతకాలం వాననీళ్లు నిలవకుండా దాన్ని తెరిచి ఉంచుతారు. నీళ్లలోకి దించేముందు బిరడా కొడతారు. కళాసీగా చేరినవాడికి మొట్టమొదట నేర్పేది ఇదే. అది మరిచిపోయినవాణ్ణి చూసి పోర్టు మొత్తం నవ్వుతుంది. నూకరాజుని చూసి నవ్వింది. నవ్వవలసింది ఎవర్ని చూసో చెప్పడానికే కూర్చున్నాను.

డెబ్బైలలో మేమిద్దరం పోర్టులో పనిచేసేవాళ్లం. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చిన గుమాస్తాని. వచ్చినవాళ్లు వచ్చారని, రానివాళ్లు రాలేదని రాయడం నా ఉద్యోగం. నూకరాజు పోర్టు పక్కనే ఉన్న మల్కాపురంలో పుట్టి పెరిగినవాడు, టగ్గు మీద సరంగు. పెద్ద ఓడల్ని తాళ్లతో లాగి, కాలువ దాటించి, సముద్రంలో వదిలి వచ్చే ఆ చిన్న ఓడకి వాడే పెద్ద. వాడి ఇంటికి రెండిళ్ల అవతల నేను అద్దెకుండేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు.

ఆదివారం సాయంత్రాలు కాలువ గట్టున రాళ్లమీద కూర్చుని వేరుసెనక్కాయలు వలుచుకునేవాళ్లం. అలా ఒకసారి నేను సముద్రం వైపు చెయ్యి చాపి, "ఇక్కణ్ణించి ఆగ్నేయంగా గీత గీసినట్టు పోతే అండమాన్ వస్తుందిరా. ఒక్కడూ, ఒక్క తెరచాప పడవమీద పోవాలి. అదీ బతుకంటే" అన్నాను. నాకు ఈత కూడా రాదు. గుమాస్తాలకి ఇలాంటి మాటలు వస్తుంటాయి, ఇంటికెళ్లి అన్నం తినగానే పోతుంటాయి. నూకరాజుకి పోలేదు.

కొన్నాళ్లకి, ముక్కలు చేస్తున్న పాత ఓడనుంచి ఒక ప్రాణరక్షణ పడవ కొని, ఇంటి దగ్గర వాగు గట్టుకి చేర్చాడు. ఎందుకురా అని అడిగాను.

"రోజూ ఓడల్ని సముద్రంలో ఒగ్గీసి ఎనక్కొచ్చీడమే నా పని బావా. ఆటికి దారి సూపిత్తన్నాను గాని ఆ దారి నానెప్పుడూ సూడనేదు. ఒక్కపాలి ఎనక్కి తిరక్కుండా పోవాల. మరేటి, నువ్వే కదా సెప్పినావు!"

నేనే చెప్పాను. ఆ ముల్లు అక్కడే గుచ్చుకుని నాలో విరిగింది.

పడవ బాగు చెయ్యడానికి రెండేళ్లు పట్టింది. పాత ఊళ్లో లారీలకి టార్పాలిన్లు కుట్టే మస్తాన్ సాయిబు తెరచాప కుట్టి, "నువ్వు వాపసు రాకున్నా పర్వానేదు గాని, మావోడా, గుడ్డ చిరిగిందని ఎవడిచేతా కబురెట్టకు" అన్నాడు. జీతం లేని సెలవుకి దరఖాస్తు రాసిపెట్టింది నేను. పటం గీసిపెట్టింది నేను. మల్కాపురం మాత్రం వాణ్ణే అండమాన్ రాజు అంది. గీసినవాడి పేరు పటాలమీద ఎవరు చదువుతారు?

బయల్దేరేముందు టీకొట్టు దగ్గర దండ వేశారు. వాడు దండ తీసి చేతిలో పట్టుకుని, "ఈ ఆలోసన నాది కాదు. మా బావది. దండ ఆడికెయ్యాల" అన్నాడు.

అందరూ నవ్వారు. "ఈ గుమాస్తాగోరా! అండమానా!" అని ఎవరో అన్నారు. నా బుష్‌కోటు, నా గొడుగు, నా బొజ్జ చూసి నవ్వారు. అందరికన్నా ముందు నవ్వింది మా ఆవిడ.

వాడు నా పేరు చెప్పకపోయి ఉంటే నాకు కోపం వచ్చేది. కోపం అయితే రెండు రోజుల్లో పోయేది. వాడు చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు, మనస్ఫూర్తిగా, నాకే ఇచ్చేశాడు. ఇచ్చినా అది నాకు అతకలేదు. ఒక మనిషి మంచితనాన్ని చూసి ఒళ్లు మండడం మీకెప్పుడైనా తెలిసిందా? నాకు ఆ రోజు తెలిసింది. దానికి నేను పెట్టుకున్న పేరు మాత్రం అసూయ కాదు. బాధ్యత. పెళ్లాం ఉన్నవాడు, ఏదైనా అయితే పైడమ్మ గతేమిటి అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిద్ర పట్టేది కాదు. స్నేహితుడి ప్రాణం గురించి ఇంత బెంగ పెట్టుకున్నానా అని నన్ను చూసి నేనే మెచ్చుకున్న రాత్రులు కూడా ఉన్నాయి. ఇప్పుడు తిన్నగా రాస్తాను. వాడు మునిగిపోతాడని కాదు నా భయం. చేరిపోతాడని.

మాఘమాసం. పొద్దున్నే గాలి సరిగ్గా ఉంది. చేపల జెట్టీ పక్కన ఏటవాలుమీద దుంగలు పరిచి పడవ నిలిపారు. నూకరాజు పడవలో వంగి, గ్రీజు పూసిన గుడ్డపేలిక బిరడాకి చుట్టి, బెజ్జంలో పెట్టి, మూడు దెబ్బలు కొట్టాడు. సుత్తి అందించింది నేను. ఆ దెబ్బలు నా చెవులారా విన్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

తరవాత అందరూ కొబ్బరికాయ కొట్టడానికి పడవ ముందుకి వెళ్లారు. మా ఆవిడ నా చేతిలో ఊరగాయ జాడీ పెట్టింది. "ఏవండీ, వెనకమూల కదలకుండా సర్దిరండి. ఇది ఒలికితే అన్నయ్యగారు ఒట్టి మెతుకులు తినాలి" అంది. అది మా పెళ్లినాటి జాడీ. నేను అన్నవరం వెళ్తుంటే అరటిపండు కూడా కట్టివ్వని మనిషి.

పడవెక్కాను. వెనకమూల అడుగు పలక ఒకటి ఇంకా తీసే ఉంది. దాని కింద బిరడా కనిపిస్తోంది. ముందువైపు జనం కేకలు వేస్తున్నారు. పడవ ముక్కు అడ్డు, వాళ్లందరికీ నా వీపు కూడా కనబడదు. జాడీ కింద పెట్టాను. ముందే అనుకున్నానా? లేదు. అనుకోకుండా చేశానా? అదీ కాదు. వేళ్లతో పట్టుకుని లాగాను. రాలేదు. అటూ ఇటూ కదిపి మళ్లీ లాగాను. రాలేదు. అంటే, మనసు మార్చుకోడానికి నాకు రెండు అవకాశాలు దొరికాయన్నమాట. మూడోసారి వచ్చింది.

జేబులో వేసుకున్నాను. బెజ్జంమీద గోనెపట్టా పరిచాను. పలక సర్దాను. పలకమీద జాడీ పెట్టాను. ఎంత పొందికగా పెట్టానో! ఆఫీసులో కూడా అంత శుభ్రంగా పని చెయ్యలేదు.

దిగుతుంటే నూకరాజు వచ్చి కావలించుకున్నాడు. "బావా, ఇంటిది జాగర్త" అన్నాడు. బిరడా మా ఇద్దరి మధ్యా గుచ్చుకుంది. వాడికి కూడా గుచ్చుకునే ఉంటుంది.

ఒడ్డు దాటకముందే బయటపడుతుందని నాకు తెలుసు, ప్రాణానికేం ముప్పు రాదని తెలుసు, అని ఇన్నేళ్లూ చెప్పుకుంటున్నాను. నిజంగా తెలుసా? పలక కింద నీళ్లు ఎంతసేపటికి పైకొస్తాయో గుమాస్తాకేం తెలుస్తుంది? తెలిసినట్టు తరవాత కల్పించుకున్నాను.

పడవ జెట్టీ చివరిదాకా వెళ్లింది. తెరచాప పొంగింది. జనం చప్పట్లు కొట్టారు. అంతలో వెనకభాగం కుంగింది. నూకరాజు వంగి డబ్బాతో నీళ్లు తోడడం కనిపించింది. తరవాత తెరచాప ఒక పక్కకి వాలిపోయింది.

నేను పరిగెత్తాను. ఈత రానివాణ్ణి నీళ్లలోకి దూకాను. ఎందుకు దూకానో ఈ రోజుకీ తెలియదు. జాలరివాళ్లు నూకరాజుని తీశారు. వాణ్ణి తియ్యడానికి ఒక్కడు చాలాడు, నన్ను తియ్యడానికి ఇద్దరు కావలసివచ్చారు. స్నేహితుడి కోసం ప్రాణానికి తెగించానని అందరూ అన్నారు. మా ఆవిడ జన్మలో మొదటిసారి నన్ను గొప్పగా చూసింది.

పడవని ఒడ్డుకి లాగారు. కడుపులో నీళ్లన్నీ ఒకే బెజ్జంలోంచి ధారగా పోతున్నాయి. ఎవడో చూశాడు. "ఓరి నాయనో! సరంగు బిరడా మరిసిపోనాడ్రోయ్!" ఆ నవ్వు జెట్టీ నుంచి మల్కాపురం దాకా వెళ్లింది.

మేమిద్దరం తడిసిన తెరచాపమీద కూర్చున్నాం. 

"బావా, బిరడా ఎట్టేనా నాను?"

నేను నీళ్లు పిండుకుంటున్నాను.

"ఎట్టినట్టే గేపకం. సుత్తి నువ్వే ఇచ్చినావు కాదేటి? మూడు దెబ్బలు కొట్టినాను. ఇదిగో, సెయ్యి ఇంకా సెబుతంది. నువ్వు సూడనేదా?"

"సుత్తి ఇచ్చానురా. ఇచ్చి కొబ్బరికాయ దగ్గరికి వెళ్లిపోయాను. చూడలేదు."

"పోనీ, దెబ్బలు ఇన్నావా?"

"ఆ గోలలో ఏం వినబడుతుంది?"

వాడు అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. మూసి, మళ్లీ తెరిచి చూశాడు.

"అయితే బిరడా ఎట్టీసుండను బావా. నిన్న కొట్టి సూసుకున్నాను, అదే ఇయ్యాల అనుకున్నానేటో. ఒడ్డుమీదే మరిసిపోనోడ్ని, నడిసంద్రంలో ఏటి మరిసిపోదునో. బతికిపోనాను."

వాడి చెయ్యి నిజం చెబుతోంది. ఆ చేతిని నేను అబద్ధాలకోరుని చేశాను. పడవ ముంచడం చిన్న తప్పు. పడవకి ఇంకో బిరడా దొరుకుతుంది. ఇది దొరకదు.

ఆ తరవాత నెలంతా సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. రోజూ వెళ్లి చూసేవాణ్ణి. ఒక్క అల గట్టిగా లేస్తే, వాణ్ణి ఆపడమే మంచిదైందని చెప్పుకోవచ్చునని చూసేవాణ్ణి.

మళ్లీ బయల్దేరమని మస్తాన్ సాయిబు ఎంత పోరినా నూకరాజు వెళ్లలేదు. సెలవు రద్దు చేసుకుని పనికొచ్చాడు. టగ్గుమీద ఒక తాడు కట్టించి, కట్టారా అని అడిగేవాడు. కట్టామంటే స్వయంగా వెళ్లి చూసేవాడు. తిరిగొచ్చి, చూశానా అని అడిగేవాడు. ఓడలు వాడికోసం ఆగలేవు కదా. చివరికి తనే అడిగి ఒడ్డుమీద పనికి మారాడు. గేటు దగ్గర లారీలు లోపలికి పంపే పని. వాడి హాజరు నా చేతికే వచ్చింది. నూకరాజు వచ్చాడు, వచ్చాడు, వచ్చాడు అని ఏళ్ల తరబడి రాశాను. ఎక్కడికీ పోలేదని దానికి అర్థం.

పైడమ్మ ప్రతి పండక్కీ చేపలు తెచ్చేది. "బాబూ, నీవల్లే నా పసుపుకుంకాలు నిలబడ్డాయి" అనేది. ముళ్ల చేపలే తెచ్చేది. ఒక్క ముల్లూ నా గొంతులో దిగలేదు. నాకు అదే ఆశ్చర్యం.

పోనీ అసూయైనా తీరిందా? అది కూడా చెప్పాలి. తీరలేదు. మునిగిన పడవ గురించి కూడా జనం వాడి పేరే చెప్పుకున్నారు. వాడి ఓటమికి ఉన్న పేరు నా బతుకు మొత్తానికి లేదు.

పడవని పద్మనాభం అనే ఊరి రైతు ఒకాయన కొనుక్కున్నాడు. మొన్నామధ్య అటువైపు పెళ్లికి వెళ్తే కనిపించింది. గేదెలకి నీళ్లతొట్టి చేశాడు. అడుగున కొత్త బిరడా బిగించి ఉంది. చుక్క కారడంలేదు. సముద్రాన్ని బయట ఉంచవలసిన పడవ, కుడితి నీళ్లని లోపల ఉంచుతోంది. ఒక గేదె తల ఎత్తి నావైపు చూసింది. నేనే ముందు తల తిప్పుకున్నాను.

ఇప్పుడు నేను పెందుర్తిలో ఉంటున్నాను. ఆదివారాలు బస్సెక్కి మల్కాపురం వెళ్తాను. పైడమ్మ పోయాక వాడొక్కడే ఉంటున్నాడు. ఇద్దరం కాలువ గట్టుకి బయల్దేరుతాం. వాడు తలుపుకి తాళం వేస్తాడు. వీధి చివరిదాకా వచ్చి ఆగుతాడు.

"బావా, తాళం ఏసేనా?"

"వేశావురా. నేను చూశాను."

"నువ్వు సూసినావంటే సాలు" అంటాడు. ముఖం తేటపడుతుంది. హాయిగా నడుస్తాడు. తన చేతిని నమ్మడు, నా కంటిని నమ్ముతాడు.

ఎన్ని తాళాలకి సాక్ష్యం చెప్పానో! ప్రతిసారీ నిజమే చెప్పాను. కావలసిన రోజున మాత్రం చెప్పలేదు. రేపు మళ్లీ ఆదివారం. రేపు చెబుతానా? గొంతు దాకా తెచ్చుకుని వేరుసెనక్కాయతో కలిపి మింగేస్తాననే అనుకుంటున్నాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే, వాడికి చెప్పవలసిన మాట మీకు చెబుతున్నాను.

పెట్టావురా నూకరాజూ. బిరడా పెట్టావు. మూడు దెబ్బలు కొట్టావు. నేను విన్నాను. తీసింది నేను.

ఇంత రాసేసరికి చెయ్యి నొప్పెడుతోంది. ఇన్నాళ్లకి అది నిజం చెబుతోంది.