పుస్తకం వద్దని కొన్న మినీడిస్క్

జహీరాబాద్ బజారులో మినీడిస్క్ రికార్డరు కొన్న బట్టల దుకాణదారుణ్ణి నేనొక్కణ్ణే. అంతేకాదు, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం నాకు అక్కర్లేదని చెప్పి, అక్కర్లేదన్నందుకు నూట యాభై రూపాయలు తగ్గించుకున్న మొనగాణ్ణి కూడా నేనే. మా వంశంలో ఇలాంటి బేరం ఎవరూ చేసి ఉండరు. నెల రోజుల పాటు కనబడ్డవాళ్లందరికీ ఈ సంగతి చెప్పాను. చాయ్ తాగుతూ చెప్పాను, చీరలు పరుస్తూ చెప్పాను. వినేవాళ్లు మర్యాదకు "అబ్బో" అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

నేను నడక నేర్చుకున్నది గుడ్డ తానుల మధ్య. అడిగిన ధరకే కొత్తిమీర కట్ట కొన్నా ఆ పూట నాకు అన్నం సహించదు. అది జబ్బే, తెలుసు. కానీ మా ఇళ్లలో దాన్ని తెలివి అంటారు.

ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది. అప్పటి ఫోన్లు మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. మా దుకాణానికి ఎదురుగా రోడ్డవతల ఒక భాయ్ క్యాసెట్లు, స్పీకర్లు అమ్మేవాడు. పదేళ్లు సౌదీలో పనిచేసి వచ్చినవాడు. అక్కడి నుంచి తన కోసం తెచ్చుకున్నదే ఆ రికార్డరు. అరచేతిలో సగం కూడా రాని ప్లాస్టిక్ డబ్బాలో చిన్న మెరిసే బిళ్ల ఉంటుంది. పాట దాని మీదికి ఎక్కుతుంది. క్యాసెట్‌లా సుయ్యిమనదు, టేపు నలగదు, నచ్చనిది చెరిపేసి ఇంకోటి ఎక్కించుకోవచ్చు. ఒక్కసారి విన్నాను. ఇక మా ఇంట్లో ఉన్న టేప్ రికార్డరు పాత చాటలా కనిపించింది.

"అమ్మబుద్ధి అయితలేదు సేట్," అన్నాడు భాయ్. అంటే ధర పెంచుతున్నాడని అర్థం.

"అమ్మబుద్ధి కాకుంటే దుమ్ము తుడిచి ముందల ఎందుకు పెట్టినవ్ భాయ్?"

"జర నిదానం. దీనితోని పుస్తకం గూడ ఉంది. ఎట్ల వాడాల్నో అంతా రాసుంది."

"పుస్తకం నీ దగ్గర్నే ఉంచుకో, దాని పైసలు కోసెయ్. బటన్ ఒత్తనీకి పుస్తకం చదవాల్నా?"

"పుస్తకానికి పైసలు ఎక్కడివి సేట్? అది ఊకెనే వస్తది."

"నీకు ఊకె వచ్చింది. నేను వద్దంటున్న. నూట యాబై తగ్గించు."

భాయ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "నీ పానం తీయొచ్చినోనితోని గూడ బేరం చేస్తవ్ సేట్," అని పుస్తకాన్ని తన అల్మారాలో పడేశాడు. ఒక కొత్త డిస్కు మాత్రం కొసరుగా రాబట్టాను. సీలు తీయనిది.

దుకాణంలో గల్లాపెట్టె పక్కన రికార్డరు, దాని కింద యాంప్లిఫయరు, తలుపుకు రెండు వైపులా రెండు స్పీకర్లు. ఝరాసంగం, న్యాల్‌కల్ ఆటోలు దిగినవాళ్లు పాట విని మా గుమ్మం ఎక్కుతారని నా లెక్క. మా ఆవిడ లెక్క వేరు.

"ఎక్కుతున్నరు," అంది ఒకరోజు. "ఎక్కి, పాట విని, మన బిందెల నీళ్లు తాగి, పక్క దుకాణంల చీర కొంటున్నరు."

నిజానికి మా గుమ్మం ఎక్కించేది ఆమె గొంతు. దారిన పోయే మనిషిని వరస కలిపి పిలిచేది. న్యాల్‌కల్ వైపు ఆడవాళ్లతో కన్నడం, మొహల్లా ఆడవాళ్లతో ఉర్దూ. నేను గంటసేపు కొట్లాడి అమ్మే చీరను ఆమె నవ్వుతూ రెండు మాటల్లో అమ్మేది. ఆ గొంతు బొంగురు పోయినప్పుడు కొత్త గుడ్డల గంజి దుమ్ము అనుకున్నాం. అల్లం, తేనె, ఉప్పునీళ్లు. నాలుగు నెలలు అలాగే నడిపించాం. ఆ తర్వాత హైదరాబాద్ తీసుకుపోయాను. గొంతులో పుండు పెద్దదైందని, ప్రాణం దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసేయాలని డాక్టరు చెప్పాడు. మెడకు రంధ్రం పెడతారట, ఊపిరి అక్కడి నుంచేనట. మాట ఇక ఉండదట.

తిరిగొచ్చే బస్సు సదాశివపేట దాటింది. ఆమె ఒళ్లో నిద్రపోతున్న పాపను చూస్తూ అంది. పాపకప్పుడు మూడేళ్లు.

"దీనికి యాదుండదు గదా."

"ఏంది?"

"నా గొంతు. పెద్దగైనంక అడుగుతది, అమ్మ ఎట్ల మాట్లాడేదని. ఏం చూపిస్తవ్?"

"మిషన్ ఉంది గదా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, లోపల కొంచెం గర్వపడ్డాను. నేను కొన్నది పనికొచ్చిందని.

మైకు, దాన్ని తగిలించే చిన్న డబ్బా భాయ్ దగ్గర తెచ్చుకున్నాను. సంగతి విని అతను అల్మారాలోంచి ఒక కొత్త క్యాసెట్ తీశాడు.

"సేట్, ఒక క్యాసెట్ల గూడ నింపు. కొత్త క్యాసెట్ నేనిస్త, పైసలొద్దు."

"డిజిటల్ ఉండంగ క్యాసెట్ ఎందుకు భాయ్?"

జీవితంలో ఊరికే ఇస్తానన్నదాన్ని నేను కాదన్నది ఆ ఒక్కసారే.

మరుసటి రోజు మధ్యాహ్నం, బజారు మందకొడిగా ఉన్నప్పుడు షట్టరు సగం దించాం. సాయంత్రం బస్సుకు హైదరాబాద్ పోవాలి, తెల్లవారి ఆసుపత్రిలో చేరాలి. పాప చీరల కట్ట మీద నిద్రపోతోంది. ఆమె పరుపు మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంది. మైకును రెండు చేతులతో పట్టుకుంది, వేడి గిన్నెను పట్టుకున్నట్టు. నేను సీలు తీయని ఆ డిస్కు సీలు తీశాను.

మాట్లాడితే ఆమెకు నొప్పి. నాలుగు మాటలకోసారి గోరువెచ్చని నీళ్లు తాగేది. మొదట సిగ్గుపడింది, తర్వాత నన్ను మరిచిపోయింది, పాపతోనే మాట్లాడింది. నేను ఏం చేస్తున్నాను? రికార్డరు ముందు కూర్చుని, తెర మీద లేచి పడే గీతలు ఎర్రదాకా పోకుండా చూస్తున్నాను. గొంతు తగ్గితే పెంచాలి, దగ్గితే తగ్గించాలి. మధ్యలో షట్టరు కింది నుంచి ఎవరో వంగి లైనింగ్ గుడ్డ అడిగారు. "రేపు రాండ్రి" అనవచ్చు. అనలేదు. బయటికి పోయి, రెండు మీటర్లు కోసి, మీటరుకు రూపాయి దగ్గర ఆగి, వాదించి, అమ్మి వచ్చాను. ఆమె మాట్లాడుతూనే ఉంది. మిషన్ వింటోంది కదా అనుకున్నాను. అన్నీ అందులోనే ఉంటాయి, తర్వాత తీరిగ్గా వినొచ్చు.

"అయిపోయింది," అంది చివరికి. తెర మీద గంటా మూడు నిమిషాలు చూపించింది. ఆపే బటను ఒత్తాను.

బట్టల దుకాణం వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. నిప్పు భయం. చిన్న మెరుపు చాలు, తానులన్నీ బూడిద. అందుకని మా నాన్న కాలం నుంచి మేం విడివిడి స్విచ్చులు ఆపం. దుకాణం మూసేటప్పుడు మొదట మెయిన్ దించుతాం, ఆ తర్వాతే షట్టరు. ఆలోచించే పని లేదు, చెయ్యే పోతుంది. ఆ రోజు పాపను భుజాన వేసుకుని, సంచి తీసుకుని, నా చెయ్యి మెయిన్ మీదికి పోయింది. రికార్డరు తెర మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. చూశాను. మిషన్ కూడా పోయిరమ్మంటోందని మా ఆవిడతో అన్నాను. ఆమె నవ్వింది. మెయిన్ దించాను.

మూడు వారాలకు తిరిగొచ్చాం. ఆమె మెడకు తెల్లని గుడ్డ. పాప మొదటి రోజు దగ్గరికి పోలేదు. "అమ్మ పిలుస్తలేదు," అని నా వెనక దాక్కుంది. పిలుపు వినిపిద్దామని దుకాణానికి పరుగెత్తాను. మెయిన్ ఎత్తాను, బటను ఒత్తాను. డిస్కు ఖాళీ అని తెర చూపించింది. మళ్లీ ఒత్తాను. పది సార్లు ఒత్తాను.

భాయ్ వచ్చి చూశాడు. మూత విప్పలేదు, ఏమీ విప్పలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆ దినం డిస్కు బయటికి తీసినవా సేట్? తీయకనే మెయిన్ కొట్టినవా?"

కొట్టానన్నాను. అతను మెల్లగా చెప్పాడు. ఏ మాట ఎక్కడుందో ఆ జాబితాను మిషన్ ముందు తన దగ్గరే పెట్టుకుంటుందట. డిస్కు బయటికి తీసినప్పుడో, మిషన్‌ను దాని స్విచ్చుతో ఆపినప్పుడో దాన్ని డిస్కు మీద రాస్తుందట. ఆ మూడు అక్షరాలు వెలిగి ఆరేది అందుకేనట, ఇంకా రాయలేదు, కరెంటు తీయొద్దని. ఇదంతా ఎక్కడ రాసుందని నేను అడగలేదు, అతను చెప్పలేదు. చెప్పి, నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. బొంబాయిలో తెలిసినవాళ్లెవరో తీయగలరేమోనని డిస్కును సొంత ఖర్చుతో పంపాడు. రెండు నెలలకు తిరిగొచ్చింది. ఖాళీగానే.

ఆ రెండు నెలలూ మిషన్ రిపేరులో ఉందని ఇంట్లో చెప్పాను. దుకాణదారు పెళ్లానికి సరుకు గోదాములో ఉందంటే లేదని అర్థమని తెలియదా? ఒకరోజు బిల్లు పుస్తకం వెనక రాసి నా ముందుకు తోసింది.

"పోయిందా?"

తలూపాను. అరుస్తుందనుకున్నాను. అరవడానికి ఇక గొంతు లేదన్నది ఒక క్షణం తర్వాత గుర్తొచ్చింది. ఆమె మళ్లీ రాసింది.

"నువ్వు పక్కనే ఉన్నవ్ గదా. నీకు యాదున్నది చెప్పు. బిడ్డకు నువ్వే చెప్పాలె."

చెప్పబోయాను. నోరు తెరిచి కూర్చున్నాను. ఆమె నా ముఖం చూసింది. తర్వాత పెన్ను మూసి వంటింట్లోకి పోయింది. గంటకు పైగా నొప్పి ఓర్చుకుని మాట్లాడిన మనిషి ఎదుట, నాలుగు ముక్కలు తప్ప ఆ మాటలు ఏమిటో తెలియక కూర్చున్నాను. రాసివ్వమని ఆ తర్వాత బతిమాలాను. తల అడ్డంగా ఊపింది. ఒక్కసారే రాసింది: "అది రాసేది కాదు."

ఇప్పటికీ దుకాణంలో ఆమే కూర్చుంటుంది. క్యాలిక్యులేటర్ మీద ధర కొట్టి చూపిస్తుంది. కొనేవాళ్లు ఎంత అరిచినా ఊరికే చూస్తుంది. చివరికి వాళ్లే దిగొస్తారు. అమ్మకాలు నాకంటే ఆమెవే ఎక్కువ.

పాప పదేళ్లప్పుడు అడిగింది.

"నాయినా, అమ్మ గొంతు ఎట్లుండేది? మిషన్ల ఏం చెప్పింది నాకు?"

చెప్పాను. నాకు గుర్తున్నది తక్కువ, పాప కళ్లలో ఆశ ఎక్కువ. కలిపాను. బాగా చదువుకోమన్నదని, ధైర్యంగా ఉండమన్నదని, నువ్వు నా బంగారమన్నదని. ఏ తల్లయినా అనేవే కదా, తేడా ఏముంది అనుకున్నాను. పాప అడిగినప్పుడల్లా సరుకు కొంచెం కొంచెం పెరిగింది. తలుపు దగ్గర నిలబడి మా ఆవిడ వినేది. ఒక్కసారి కూడా తప్పని చెప్పలేదు, ఔనని తలూపనూ లేదు. అక్కడి నుంచి లేచి పోయేది.

మొన్న పాప, అంటే ఇప్పుడు ఇరవై దాటిన పిల్ల, తన ఫోన్ నా ముందు పెట్టి, "అమ్మ చెప్పినవన్నీ దీంట్ల చెప్పు నాయినా, రికార్డ్ చేసుకుంట," అంది. ఎర్రచుక్క వెలిగింది. అబద్ధం కలిపిన సరుకును ఆ ఫోన్‌లో పోయలేకపోయాను. "కాయితం మీద రాసిస్త," అన్నాను. అందుకే ఇదంతా రాశాను. బిడ్డా, అసలు లెక్క ఇది.

ఆమె మాట్లాడింది గంటా మూడు నిమిషాలు. అందులో నేను నిజంగా విన్నవి నాలుగు. మొదట, మైకు పనిచేస్తుందో లేదో చూడమంటే, మీటరు కర్రతో కొలిచేటప్పుడు మేం ఒకటి అనకుండా అన్నట్టే "లాభం, రెండు, మూడు" అని ఏడు దాకా లెక్కపెట్టి ఆగింది. తర్వాత నిన్ను పిలిచింది, మూడు రకాలుగా: ఇంట్లో పిలిచినట్టు, సందు చివరి నుంచి పిలిచినట్టు, కోపమొచ్చినప్పుడు పిలిచినట్టు. నిద్రలోనే నువ్వు కదిలావు. మూడోది, "మీ నాయిన బేరమాడుతుంటే అందరి ముందు నవ్వకు, ఇంటికొచ్చినంక నవ్వు" అన్నది. నాలుగోది, నేను లైనింగ్ అమ్మి లోపలికి వస్తుంటే "ఇది మీ నాయినకు గూడ చెప్పకు" అని ఏదో సంగతి ముగించింది. అంతకు ముందు ఏం చెప్పిందో నాకు తెలియదు. బంగారం, ధైర్యం, చదువు ఇవన్నీ నేను కలిపినవి, కొట్టెయ్.

నాలుగూ కలిపితే మూడు నిమిషాలు. మిగిలింది గంట. అందులో కొంతసేపు గీతలు చూశాను, కొంతసేపు రూపాయి దగ్గర వాదించాను. కరెంటు తీయకపోయి ఉంటే మిషన్ ఆ గంటను నీకు ఇచ్చేది, అది నిజం. కానీ నేను ఆమెకు రెండు గజాల దూరంలో ఉన్నాను, నాకు చెవులున్నాయి, ఆ రోజు అవి బాగానే పనిచేస్తున్నాయి. ఆ గంట బాకీ మొత్తం నా పేరునే రాసుకో.