తవిటయ్య ఆదివారపు బూట్లు

ఆదివారం వచ్చిందంటే తవిటయ్య కాళ్ళు నిలవవు. గోల్‌మురిలోని కార్ఖానా క్వార్టరులో బయలుదేరి, సువర్ణరేఖ వంతెన దాటి, దల్మా కొండ కింది ఊళ్ళదాకా నడిచి, దారిలో ఉన్న ప్రతి హండియా దుకాణం ముందూ కూర్చుని గానీ ఇంటికి రాడు. దుకాణమంటే ఏముంది, అన్నం పులియబెట్టి చేసిన ఆ మత్తు గంజిని ఊరి ఆడవాళ్ళు కుండల్లో తెచ్చి, చెట్టు నీడన ఆకుదొన్నెల్లో అమ్ముతారు. బస్సెక్కమంటే ఎక్కడు. సైకిలిస్తే తొక్కడు.

"సైకిలెక్కితే దుకాణాలు తొరగా దాటిపోతాయి," అనేవాడు.

డెబ్భై తొమ్మిదో సంవత్సరంలో అతని భార్య పైడమ్మకు ఓపిక అయిపోయింది. కారణం బూట్లు. కార్ఖానాలో ఏడాదికో జత తోలు బూట్లిస్తే, తవిటయ్యవి మూడు నెలల్లోనే ముక్కలు ముక్కలుగా మాయమయ్యేవి. ముందు లేసుల కింది తోలు నాలుకలు, తర్వాత పక్కతోలు. మొగుడు బూట్లు కోసి అమ్ముకుని తాగుతున్నాడని ఆమె తేల్చేసింది. పేరున్న ఫిట్టరై ఉండి, ఇంట్లో కారే కొళాయికి రెండేళ్ళుగా గుడ్డపీలిక చుట్టి, "ఆఫీసుకి కంప్లైంటు రాయాల" అని తప్పించుకునే మనిషి ఎంతకైనా తెగిస్తాడు. పైడమ్మ పెట్టె సర్దింది, పరుపుచుట్టకు తోలు బెల్టు బిగించింది, ఆదిత్యపూర్ నుంచి తమ్ముడు నీలకంఠాన్ని పిలిపించింది.

"మీ బావతో ఎల్లు. ఆయన తాగినాడని నువ్వు సెప్పినావంటే రేపు రైలుకి నాను పలాస ఎల్లిపోతాను. మరి రాను."

అక్క కాపురం తన నాలుక మీద ఆడుతోందని నీలకంఠానికి అర్థమైంది. కొత్త బూట్లు తొడుక్కుని, స్కూటరు అక్కడే వదిలేసి, బావ వెంట నడిచాడు.

మొదటి దుకాణంలో ముసలమ్మ "ఆ గయే, మిస్తిరీ?" అని హిందీలో పలకరిస్తూ దొన్నె నింపింది. తవిటయ్య దాన్ని కళ్ళకద్దుకుని నీలకంఠం చేతిలో పెట్టాడు.

"నాకు కడుపుకి పడదు. వద్దంటే ఆలు బాధపడతారు. నువ్వు కొట్టీ."

నీలకంఠం నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్ళ తాగుబోతు తాగడా? ఆ ఆశ్చర్యంలోనే దొన్నె ఖాళీ చేశాడు.

అంతకన్నా పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. తవిటయ్య ముసలమ్మతో ఏదో గుసగుసలాడి, "ఇప్పుడే వత్తాను" అని ఇళ్ళ వెనక్కి వెళ్ళి అరగంటకు గానీ రాలేదు. రెండో ఊళ్ళో అంతే, మూడో ఊళ్ళో అంతే. నీలకంఠానికి విషయం తట్టింది. తాగుడు కాదు, ఇంకో సంసారం. ఒకటి కూడా కాదు, ఊరికొకటి.

నాలుగో ఊళ్ళో తూలుతూ వెంబడించాడు. ఇళ్ళ వెనక పదిమంది ఆడవాళ్ళు ఖాళీ కుండలతో నిలబడ్డారు. మధ్యలో విప్పదీసిన చేతిపంపు ముందు తవిటయ్య చతికిలబడి, తన బూటు తోలును కత్తితో గుండ్రంగా కోస్తున్నాడు.

"ఏటి సేత్తన్నావు బావా?"

"పంపులోన తోలు వాసరు అరిగిపోనాది. పాపం, రెండు మైల్లు ఎల్లి ఏటినీలు మోత్తన్నారు. ఏ ఊరి పంపు పాడైనాదో దుకాణం కాడ కూకుంటే గానీ తెలదు."

"మరి మా అప్పకి సెప్పవేటి? మీ కొళాయి కారతంటే ఊరోల్ల పంపులా?"

"సెప్తే కొళాయి బాగుసెయ్యమంటాది. దానికి కంప్లైంటు రాత్తే మనిషొత్తాడు. ఈలకి ఎవులొత్తారు?"

నీలకంఠానికి సిగ్గేసింది. ఇంతలో తవిటయ్య కోసిన ముక్క చిన్నదైపోయింది. అతని బూట్లలో ఇక కోయడానికేమీ మిగల్లేదు. మెల్లగా బావమరిది కొత్త బూట్లకేసి చూశాడు. ఆ చూపుకు నీలకంఠం ఉలిక్కిపడ్డాడు గానీ, నాలుగు దొన్నెల ధైర్యంతో బూటు తనే విప్పి ఇచ్చాడు. కాసేపటికి పంపు రెండుసార్లు దగ్గి, నీళ్ళు పోసింది.

సాయంత్రం గుమ్మంలో పైడమ్మ ఎదురుచూస్తోంది. తిన్నగా నడిచొచ్చింది మొగుడు. గోడ పట్టుకుని వచ్చింది తమ్ముడు.

"నిన్ను కాపలా పంపితే నువ్వే తాగొచ్చినావేట్రా?"

"నాను తాగినాను అప్పా. బావ సుక్క ముట్టలేదు. ఊరూరా చేతిపంపులు బాగుసేత్తన్నాడు. ఇదిగో సాక్ష్యం," అంటూ నీలకంఠం నాలుక లేని కొత్త బూటున్న కాలు ఎత్తి చూపించి, ఒంటికాలి మీద నిలవలేక కూలబడ్డాడు.

పైడమ్మ తమ్ముడి పక్కన వంగింది. బూటు చూసింది. మొగుడి చేతులకంటిన గ్రీజు చూసింది. దగ్గరకెళ్ళి వాసన చూస్తే బీడీ కంపు తప్ప ఏమీ లేదు.

"ఇంకా ఎన్ని పంపులున్నాయి?"

"రెండు," అన్నాడు తవిటయ్య నేల చూస్తూ.

ఆమె లోపలికెళ్ళి పరుపుచుట్టకు కట్టిన తోలు బెల్టు ఊడదీసింది. పరుపు గది నిండా పరుచుకుంది.

"బూట్లు ముట్టుకోకు. దీన్ని కోసుకో. తొలి ముక్క నా కొళాయికి."

"కొళాయికా? కంప్లైంటు రాయాల," తవిటయ్య నసిగాడు.

"ఇదే కంప్లైంటు," అని పైడమ్మ బెల్టు అతని చేతిలో పెట్టింది.