మాస్టారికి కనపడని ఎడమ రెక్కలు

2023 వర్షాకాలంలో నేను విశాఖపట్నం ద్వారకా నగర్‌లో ఒక చిన్న పునరావాస కేంద్రంలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మమ్మల్ని చాలామంది ఫిజియోథెరపిస్టులు అనుకుంటారు. వాళ్లు పక్షవాతం వచ్చినవాళ్ల చేతికీ కాలికీ బలం తెప్పిస్తారు. ఆ బలంతో చొక్కా గుండీ పెట్టుకోవడం, టీ కలుపుకోవడం, రోడ్డు దాటడం మళ్లీ అలవాటు చేయించేది మేము.

ఆ రోజుల్లోనే అప్పలనాయుడు మాస్టారు మా దగ్గరికి వచ్చారు. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. స్వస్థలం ఆనందపురం దగ్గర పల్లె, ఉండేది మధురవాడలో. స్ట్రోక్ మెదడు కుడి భాగాన్ని దెబ్బతీసింది. చెయ్యీ కాలూ చాలావరకు తిరిగొచ్చాయి, మాట స్పష్టంగానే ఉంది. మిగిలిపోయింది ‘లెఫ్ట్ నెగ్లెక్ట్’. అంటే కళ్లు బాగానే ఉన్నా, ఎడమవైపు ఒక ప్రపంచం ఉందన్న సంగతి మెదడు పట్టించుకోదు. గడ్డం గీసుకుంటే కుడి చెంపే గీస్తారు. పేపరు చదివితే ప్రతి వరుసా మధ్యలోంచి మొదలుపెట్టి, అర్థం లేకుండా రాశారని పేపరువాళ్లను తిడతారు. పైగా తనకు ఈ లోపం ఉందని రోగికి తెలియదు. మాకు అసలు చిక్కు అక్కడే.

ఆయన భార్య నూకరత్నం గారు మొదటిరోజే నన్ను పక్కకు పిలిచారు. అంతకుముందు వారం మాస్టారు చెప్పకుండా కిందికి దిగి రోడ్డు మీదికి నడిచారట. ఎడమ నుంచి వస్తున్న బైకు ఆయన్ను రాసుకుంటూ పోయిందట.

“బండొస్తందండీ, ఆగండి అని నాను ఎనకనుంచి అరుత్తన్నాను. ఏదీ, ఏ బండీ నేదు కదా అంటారు. సెప్తే ఇనరు. ఇంక బయటికి పంపకుండా తలుపుకి తాళం ఎయ్యడమేనమ్మా” అన్నారామె. తెల్లారగానే కెమెరా పట్టుకుని చెరువుగట్లకు పోయే మనిషిని అలా ఇంట్లో పెట్టడం ఆమెకూ ఇష్టం లేదు.

మామూలుగా చేయించేవే చేయించాను. కాగితం మీద ‘అ’ అక్షరాలన్నీ వెతికి కొట్టేయమంటే ఆయన కుడి సగంలోవి కొట్టేసి కలం పక్కన పడేశారు. పాతికేళ్లకు పైగా పాఠం చెప్పినవాడి చేత పలక మీద దిద్దిస్తున్నావేటమ్మా అన్నారు. తప్పు చూపించబోతే ముఖం తిప్పుకున్నారు. రెండు వారాలు అలాగే గడిచాయి.

చెరువుగట్ల మీద ఏం ఫొటోలు తీసేవారని ఒకరోజు ఊరికే అడిగాను. తూనీగల రెక్కలన్నారు. ఆ తర్వాత ఆయన్ను ఆపడం నా వల్ల కాలేదు. నాకు అప్పటిదాకా తూనీగ అంటే ఒకటే. నిజానికి అవి రెండు రకాలని ఆ రోజు తెలిసింది. అసలు తూనీగకు ముందు రెక్కా వెనక రెక్కా ఒకలా ఉండవు. వెనకది ఒంటికి అతుక్కునే చోట వెడల్పుగా ఉంటుంది. సూదిలా సన్నగా ఉండే డామ్సెల్‌ఫ్లైకి నాలుగు రెక్కలూ దాదాపు ఒకటే. మొదట్లో గరిటె కాడలా సన్నబడి, చివరకు వచ్చేసరికి విప్పారుతాయి. వాలినప్పుడు వాటిలో చాలావరకు రెక్కల్ని వీపు మీదికి మడుచుకుంటాయి. వానాకాలంలో గుంపులుగా ఎగిరే పసుపు తూనీగకైతే వెనక రెక్క మరీ వెడల్పు.

“ఆ వెడల్పు మీద గాలిని ఆన్చుకుని సముద్రాలు దాటేస్తది. గరిటె రెక్కదానికి ఆ పని లేదు. గడ్డిపరకల మధ్య ఆగి, తిరిగి, వెనక్కి కూడా పోవాలి. ఎవరి బతుకుకి తగ్గ రెక్క వాళ్లకి” అన్నారు మాస్టారు.

నూకరత్నం గారు మర్నాడు ఆయన ఫొటోలున్న పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చారు. రెక్కల్ని పెద్దవిగా ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, విడివిడిగా కత్తిరించాను. బల్ల మీద గుడ్డ పరిచి, మధ్యలో రెక్కల్లేని మూడు తూనీగల ఒళ్లు పైనుంచి కిందికి పెట్టాను. కుడి రెక్కలు కుడివైపు, ఎడమవి ఎడమవైపు పరిచాను. రెక్కలన్నీ అతికించండి మాస్టారూ అన్నాను.

కుడి ముందు రెక్క, కుడి వెనక రెక్క టకటకా పెట్టేశారు. ఒక తూనీగ, ఇంకొకటి, మరొకటి. అంతటితో ఆగిపోయి నా వైపు చూశారు.

“ఎడమ రెక్కలు తేలేదేటమ్మా?”

కుడి రెక్కని తిరగేస్తే ఎడమది కాదా అన్నాను. కాదని ఆయన వాదించారు. రెండువైపులా ఈనెలు అచ్చంగా ఒకలా ఉండవని, ఎడమ రెక్కలకు వేరే ఫొటోలు తీశానని అన్నారు. నేను కార్డుల కింద పరిచిన గుడ్డను పట్టుకుని మెల్లగా కుడివైపుకు లాగాను. ఎడమ రెక్కలు ఒక్కొక్కటే ఆయన ముందుకు వచ్చాయి.

మాస్టారు ఒక రెక్కను చేతిలోకి తీసుకుని దాని ఈనెల్ని వేలితో తడిమారు.

“ఇవి ఇక్కడే ఉన్నాయా?”

ఉన్నాయన్నాను.

“అయితే నాకే అవుపడలేదన్నమాట.” కుడిపక్కన కూర్చున్న భార్య వైపు తిరిగారు. “రత్నం, ఆ బండి కూడా వచ్చే ఉంటది.”

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

అసలు వైద్యం అక్కణ్ణుంచే మొదలైంది. బల్ల ఎడమ అంచున ఎర్ర టేపు అతికించాను. దీన్ని మేము ‘యాంకర్’ అంటాం. ఏ పని చేసినా ముందు తల తిప్పి ఆ ఎర్ర గీత కనపడేదాకా వెతకాలి, అక్కణ్ణుంచి కుడికి రావాలి. మొదట తూనీగ రెక్కలే ఇచ్చాను. వెడల్పు తేడా ఉంది కాబట్టి ఏది ముందుదో ఏది వెనకదో తేలిగ్గా తెలుస్తుంది. అది కుదిరాక డామ్సెల్‌ఫ్లైకి వెళ్లాం. నాలుగూ ఒకలాగే ఉంటాయి కాబట్టి రెక్క కొసన ఉండే చిన్న మచ్చ దాకా రెండువైపులా పోల్చి చూడాలి. అక్కడ ఆయన చాలాసార్లు ఓడిపోయారు. ఒకరోజు కార్డులన్నీ నెట్టేసి, ఇంక రానని వెళ్లిపోయారు. మర్నాడు అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు.

ఇంట్లో నూకరత్నం గారు గుమ్మాల ఎడమ అంచులకు ఎర్ర రిబ్బన్లు కట్టారు. పేపరుకు ఎడమ అంచున ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఇచ్చేవారు. కొన్నాళ్లకు గీత లేకుండానే మాస్టారు వరుస మొదటి నుంచి చదవసాగారు. తలుపుకు తాళం వేసే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం ముగ్గురం ఆటోలో ఆనందపురం అవతల ఒక చెరువుగట్టుకు వెళ్లాం. రోడ్డు దాటేటప్పుడు ఆయన ఆగి, తల పూర్తిగా ఎడమకు తిప్పి, లారీని పోనిచ్చి అడుగు వేశారు. నేనూ నూకరత్నం గారూ ఒకరినొకరం చూసుకున్నాం. నీళ్ల మీద పసుపు తూనీగలు గుంపులుగా తిరుగుతున్నాయి. మేమిద్దరం వాటినే చూస్తున్నాం. మాస్టారు మాత్రం ఎడమకు తిరిగి మోకాళ్ల మీద చేతులు ఆన్చి వంగారు.

“కదలకండి. ఆ తుంగ మొదట్లో చూడండి” అన్నారు మెల్లగా.

అక్కడ నీలంగా, పుల్లంత సన్నగా ఒక డామ్సెల్‌ఫ్లై వాలి ఉంది. ఆయన చూపించాక కూడా అది నా కంటికి ఆనడానికి కాసేపు పట్టింది.

మాస్టారికి పూర్తిగా నయమైందని చెప్పను. అలసిపోయిన రోజున ఇప్పటికీ భుజం గుమ్మానికి తగులుతుంది. స్కూటరు నడపడం మానేశారు. కానీ భార్యతో కలిసి మళ్లీ చెరువుగట్లకు వెళుతున్నారు.

ఆయన వైద్యం ముగిశాక నా పద్ధతి మారింది. అంతకుముందు పేషెంటు ఏం చేయలేకపోతున్నాడో రాసుకుని పని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు, ఒంట్లో బాగున్నప్పుడు ఏం చేసేవారని ముందు అడుగుతాను. ఈమధ్య బీచ్ రోడ్డు పక్క పేట నుంచి ఎర్రయ్య అనే పెద్దాయన వచ్చారు. కుడిచేతి వేళ్లు పట్టు తప్పాయి. ఇచ్చిన చెక్క పుల్లల్ని పలక చిల్లుల్లో పెట్టమంటే నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. ఏం పని చేసేవారని అడిగాను.

“వలలు బాగుసేసీవోణ్నమ్మా.”

రేపు వచ్చేటప్పుడు ఒక వల తెచ్చుకోమన్నాను. ఆయన మొదటిసారి తలెత్తి నా ముఖంలోకి చూశారు.

“మంచిది తెమ్మంటారా, సిరిగింది తెమ్మంటారా?”

చిరిగిందే తెమ్మన్నాను.