అత్తగారు లేని పాత ఆట

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకో గట్టి నమ్మకం ఉండేది. పాతది ఏది తిరిగొచ్చినా ఉన్నదున్నట్టుగా రావాలి. ఉన్నదున్నట్టుగా అంటే నాకు గుర్తున్నట్టుగా. ఈ రెండూ వేరువేరు సంగతులు కావొచ్చన్న అనుమానం ఆ రోజుల్లో నాకు కలలో కూడా రాలేదు. అప్పుడే బందరులో మొదటి ఉద్యోగం. పగలంతా ఇతరుల దరఖాస్తుల్లో తప్పులు వెతకడం నా పని. (ఆ చూపు ఒక్కసారి నా జ్ఞాపకాల మీదికి తిప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు, పరువు ఉండేది.)

చిన్నప్పుడు నేను, మా పెద్దత్త కొడుకు బావ, పెదనాన్న కూతురు అక్క, ముగ్గురం గుడివాడలో ఒకే వీధివాళ్లం. వీధి చివర ఓ కంప్యూటర్ సెంటర్ ఉండేది. దాన్ని నడిపేవాయన చుట్టరికం లేకుండానే వీధి మొత్తానికి మావయ్య. ఆయన దగ్గరున్న మిషన్లో ఒకే ఒక ఆట. టోపీ పెట్టుకున్న సన్నటి మనిషి ఒక రేవు ఊళ్లో తిరుగుతూ ఉంటాడు. పిల్లికి చేప ఇస్తే తాళంచెవి దొరుకుతుంది, తాళంచెవితో గోదాము తెరుచుకుంటుంది, అదీ వరస. తుపాకులు లేవు, తన్నులాట లేదు, అంతా ఆలోచనే. ఆట మాటలన్నీ తెర కింద ఇంగ్లీషులో వచ్చేవి. మేమా తెలుగు మీడియం. సౌండు పెట్టమంటే "మిషను వేడెక్కుద్దిరా" అనేవాడు మావయ్య. (స్పీకర్లు చెడిపోయాయని మాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.) అందుకని ఆయనే మా కుర్చీల వెనక నిలబడి కథంతా తెలుగులో చెప్పేవాడు.

ఆ కథ ఇదీ. టోపీవాడు కోడూరు అల్లుడు. మామగారి పడవ మాయమైపోతే వెతకడానికి వచ్చాడు. లైట్‌హౌస్ కిటికీలో కనబడే పొడుగాటావిడ అత్తగారు. పడవెక్కడుందో ఆవిడకు తెలుసు, చెప్పదు. "అల్లుడుగారూ, ముందు కాళ్లు కడుక్కోండి. పడవ సంగతి భోజనాలయ్యాక మాట్లాడుకుందాం" అని మావయ్య గొంతు సన్నం చేసి అంటుంటే మేం పళ్లు నూరేవాళ్లం. చివరికి టోపీవాడు లాంతరు పట్టుకుని లైట్‌హౌస్ మెట్లెక్కేసరికి ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారిపోయి, దాని నిండా తెల్లటి అక్షరాలు. "ఉప్పెనొచ్చేసిందర్రా! ఆ తెల్లగా ఉన్నదంతా నురగ!" అని మావయ్య అరిచేవాడు. అక్క వెక్కి వెక్కి ఏడ్చేది. "ఇంక ఇళ్లకి పొండి, రేపు నీళ్లు తీశాక చూద్దాం" అని మిషను ఆపేసేవాడు. ఎన్నిసార్లు ఆడినా అక్కడికొచ్చేసరికి ఉప్పెనే. మా దివిసీమ చుట్టాల ఇళ్లలో ఉప్పెన కథలు వింటూ పెరిగినవాళ్లం, అందులో వింతేముంది?

ఇక బందరు రోజులకొస్తే, ఆ ఆట చేసినవాళ్లు (ఎక్కడో చలిదేశంలో ముసలాళ్లైపోయిన ముగ్గురు) అభిమానుల దగ్గర చందాలు పోగుచేసి దాన్ని కొత్తగా తీస్తామని ఇంటర్నెట్‌లో ప్రకటించారు. అది నా కంట పడింది. బావ అప్పటికి రొయ్యల చెరువులు చేస్తున్నాడు, అక్క ఉయ్యూరులో ఇంగ్లీషు టీచరు. చందా అనగానే బావ దీన్ని వినాయకచవితి పందిరి లెక్కలోకి తీసుకున్నాడు. "ఇచ్చినాక మన పేరు మైకులో చదవాలి గదరా?" అన్నాడు. చివర్లో ఒక పేరు వేస్తారట, ఏమైనా కోరికలుంటే రాయొచ్చట అని చెప్పాను. కోరికలు అనగానే ముగ్గురం మూడు పేజీలు రాశాం. ఇంగ్లీషు అక్కది, ఆవేశం బావది, అతి తెలివి నాది. అత్తగారి పాత్ర తగ్గించకూడదు. ఆవిడ గొంతు సన్నగా, తియ్యగా, విషంలా ఉండాలి. ఉప్పెన సీను పెంచినా ఫర్వాలేదు గానీ తుంచితే ఊరుకోం.

పది రోజులకు జవాబొచ్చింది. మీ అభిమానానికి ధన్యవాదాలు, మా ఆటలో అత్తగారు ఎవరో మాకు గుర్తురావడం లేదు, మీరు ఆడినది ఏ వెర్షనో దయచేసి చెప్పగలరా అని. బావ రెండుసార్లు చదివించుకుని తొడ చరిచాడు.

"చూశావా, సస్పెన్సు! ముందే చెప్పేస్తే ఎవడు కొంటాడు?"

చివరికి ఆట తయారై, ఒక శనివారం మధ్యాహ్నం నా చేతికొచ్చింది. మర్నాడు ఉదయం నా అద్దె గదిలో అందరం కలిసి చూడాలని ముందే అనుకున్నాం. ముఖ్య అతిథి మావయ్య. సెంటరు ఎప్పుడో మూసేసి కోడూరులో రొయ్యల మేత అమ్ముతున్నాడు, బావ ఆయన ఖాతాదారుడే. సన్మానానికి శాలువా కూడా కొన్నాడు బావ. నేను ఆగలేక ముందే తెరిచాను. గంటలో నాకు ముచ్చెమటలు పోశాయి. టోపీవాడు ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరు. పోయింది పడవ కాదు, లైట్‌హౌస్ దీపం. పొడుగాటావిడ ఆ దీపానికి కాపలాదారు. ఆవిడకసలు పెళ్లే కాలేదు, ఇంక అల్లుడెక్కణ్ణుంచి వస్తాడు? లాంతరుతో మెట్లెక్కితే ఉప్పెన రాలేదు, రెండో అంకం వచ్చింది.

ఆట పోతే పోయింది. రేపు చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చే పెద్దమనిషిని అక్క ముందు, ఆమె ఇంగ్లీషు ముందు ఎలా కూర్చోబెట్టడం? ఫోన్ చేశాను.

"మావయ్యా, రేపు వానంట. మీరు రాకపోయినా ఏం పర్లేదు."

"వానొస్తే గొడుగు లేదంట్రా నాకు? మీ అత్త సున్నుండలు కూడా కట్టింది. పెట్టెయ్."

మర్నాడు ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపే కేబులు పోయిందన్నాను. అక్క బ్యాగులోంచి ఇంకోటి తీసింది. (టీచర్ల బ్యాగుల్లో దొరకనిది లేదు.) ఆట మొదలైంది. సౌండుతో సహా. పొడుగాటావిడ కిటికీలోంచి బొంగురు గొంతుతో ఏదో అంది. అక్క కింద అక్షరాలు చదివింది, నావైపు చూసింది, మళ్లీ చదివింది. నేను సున్నుండ నోట్లో కుక్కుకున్నాను.

"అత్తగారేదిరా?" అన్నాడు బావ.

"కొత్తగా తీశారు కదా బావా, అక్కడక్కడా మార్చుంటారు..."

"మార్చడానికి వాళ్లెవరు? రాయరా లెటరు! కథ చెడగొట్టారని రాయి, చందా వెనక్కిమ్మని రాయి!"

నేను నిజంగానే ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కున్నాను. పాపం ముసలాళ్లు ముగ్గురూ ఎక్కడో ఉన్నారు, మావయ్య పక్కనే ఉన్నాడు. ఎవరు తిట్లు తింటే నయమో నాకు స్పష్టంగానే ఉంది. రెండు ముక్కలు కొట్టానో లేదో, మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగరా అబ్బాయ్. వాళ్లేం మార్చలేదు. మార్చింది నేనే."

బావ రిమోటు తీసుకుని టీవీ సౌండు తగ్గించాడు.

"నాకు మాత్రం ఇంగ్లీషొచ్చా? మొదటి మూడ్రోజులూ మీరు నొక్కి నొక్కి, అర్థంకాక వెళ్లిపోయారు. నాలుగోరోజు అత్తగార్ని పెట్టాను. మా అత్తగారు అప్పట్లో మా ఇంట్లోనే ఉండేవారు లే, ఆలోచించుకునే పని పడలేదు."

"మరి ఉప్పెన?" అంది అక్క.

"మిషను చచ్చిపోయేదమ్మా. నీలంరంగు పూసుకుని మరీ చచ్చేది. పాడైందంటే మర్నాడు మీరు రారు. ఉప్పెనంటే, ఏమైందో చూద్దామని వస్తారు."

"అంటే నేను మిషను పాడైనందుకు ఏడ్చానా?"

"నేనూ ఏడ్చేవాణ్ణమ్మా. నువ్వెళ్లాక."

ముందు నవ్వింది అక్కే. బావకు ఇంకాస్త టైము పట్టింది. లేచి, శాలువా మడత విప్పి, "అయితే మన మూడు పేజీలూ చేరాల్సింది మీకన్నమాట" అంటూ మావయ్య భుజాల మీద కప్పాడు. మావయ్య శాలువా అంచుతోనే కళ్లజోడు తుడుచుకుని తెరకేసి తిరిగాడు. "అమ్మా, అసలు ఆవిడేమంటోందో చదివి చెప్పవే. ఇన్నేళ్లూ తెలీక చస్తున్నాను." అక్క ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని శ్రద్ధగా విని, మధ్యమధ్యలో "ఊఁ, ఇక్కడ మనదే బాగుంది" అనుకున్నాడు. సాయంత్రానికి ఆట పూర్తయింది. చివర్లో మా బ్యాచి పేరు వస్తే బావ దాన్ని మూడుసార్లు గట్టిగా చదివాడు. (మైకు లేదన్న లోటు ఎవరికీ తెలియలేదు.)

ఆ లెటరు మాత్రం నేను ఆట అభిమానుల పేజీలో పెట్టేశాను, కాస్త మర్యాదగా మార్చి. ఇందులో అత్తగారూ లేదు, ఉప్పెనా లేదు, ఆట బాగుంది, కానీ పాతదానంత లేదు అని. అక్కడ అది ఇప్పటికీ ఉంది. మొన్న ఎవరో విదేశీయుడు దాని కింద అడిగాడు: అత్తగారూ ఉప్పెనా ఉన్న ఆ వెర్షను ఎక్కడ దొరుకుతుందండీ అని. ఒకటే కాపీ ఉందండీ, కోడూరులో రొయ్యల మేత అమ్ముతోంది అని టైపు చేసి, చెరిపేశాను. పైన ఉన్న నా ఉత్తరం మళ్లీ చదివాను. మర్యాదగా మార్చాననుకున్నదాంట్లోనే ఎంత కోపం, ఎంత ధీమా, ఎన్ని స్పెల్లింగు తప్పులు! ఆ ఇరవై నాలుగేళ్లవాడి ఉత్తరాన్ని సరిదిద్దుదామని కూర్చున్నాను గానీ, వాడు రాసిన చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆడలేదు. పాతదానంత లేదు. అదొక్కటీ వాడు సరిగ్గానే రాశాడు.