మూడుసార్లు తిరిగొచ్చిన బద్దెపురుగు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను పుదుచ్చేరిలోనే తేంగాయితిట్టు దగ్గరి పశువుల ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా వెటర్నరీ సర్జన్. చేపల రేవు పక్క కావడంతో అక్కడికి ఆవులకంటే కుక్కలు, పిల్లులే ఎక్కువగా వచ్చేవి. అందులో సగం కేసులు కడుపులో పురుగులవి.

రేవులో చేపలమ్మే ఆర్. ధనలక్ష్మి తన కుక్క మణిని తీసుకొచ్చింది. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. కొడుకు ఇక్కడి మేట్టుపాళయంలో ఫ్యాక్టరీ పనివాడు.

"తోక కింద బియ్యపు గింజల మాదిరి పడతా ఉండాయి సార్. కదలతా కూడా ఉండాయి" అంది.

అవి బద్దెపురుగు శరీరంలోంచి తెగి బయటికొచ్చే ముక్కలు. ఈ పురుగు ఒక కుక్కనుంచి ఇంకో కుక్కకు నేరుగా అంటదు. బొచ్చులో గెంతే ఫ్లీ అనే చిన్న పురుగులో పెరుగుతుంది. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ ఆ ఫ్లీని మింగితే కడుపులోకి చేరుతుంది. కుక్కతో ఆడే చిన్నపిల్లల నోట్లోకీ ఒక్కోసారి ఫ్లీ పోతుంది. అందుకే మాత్రతోపాటు బొచ్చుకు పొడి కూడా ఇస్తాం. మణిని తూకం వేసి రెండూ ఇచ్చాను. ఇంట్లో వేరే జంతువును పెంచుతున్నారా అని అడిగాను. లేదంది. కేసు పుస్తకంలో అలాగే రాశాను.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాత్ర. మూడోసారీ అంతే. నాలుగోసారి వచ్చినప్పుడు నాకు ఓపిక పోయింది. మాత్ర వేయకుండా పారేసి నా మందును ఆడిపోసుకుంటున్నావని అందరి ముందూ అరిచాను. ఆమె నెమ్మదిగా విషయం చెప్పింది. రెండేళ్ల మనవరాలి మలంలోనూ అవే గింజలు కనబడ్డాయట. పిల్లకు పెద్దాసుపత్రిలో మందిచ్చారు. "ఆదివారం మావోడు దీన్ని బాహూరు చెరువుకాడ ఇడిచేసి వస్తానంటాడు సార్" అంది. మణి తొమ్మిదేళ్ల కుక్క. తెలియని ఊళ్లో వారం కూడా బతకదు.

ఆ మధ్యాహ్నం ఓపీ ముగించి వాళ్లింటికి వెళ్లాను. మణి పడుకునే చోటు శుభ్రంగా కడిగి ఉంది. దాని పక్కనే గోనెసంచుల మీద ఒక పిల్లి, నాలుగు కూనలు. పిల్లి బొచ్చు దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి కాగితం మీద వేశాను. కాగితం ఎర్రబారింది. ఫ్లీ తాగిన నెత్తురు అది.

"ఈ పిల్లి ఎవరిది?"

"మాది కాదు సార్. వీధిది. సుమ్మా, ఊరికే వచ్చి పండుకుంటది."

"తిండి ఎవరు పెడతారు?"

"నేనే."

"ఎన్నాళ్లనుంచి?"

"మూడేండ్లు ఉంటది."

తల పట్టుకున్నాను. "వేరే జంతువు లేదని చెప్పావేందమ్మా?"

"పెంచతా ఉండారా అని అడిగినారు. పెంచేది మణినే కదా సార్" అంది. ఆ వెంటనే, "మాత్ర నేను పారేయలేదు" అంది.

ఆమె చెప్పింది నిజం. మాత్ర మూడుసార్లూ పనిచేసింది. మూడుసార్లూ పిల్లి మీది ఫ్లీలు మణికి పురుగును మళ్లీ అంటించాయి. తప్పు నాదేనని ఆమె కొడుకు ఎదుటే ఒప్పుకుని, ఆదివారం ప్రయాణం మానుకోమన్నాను. గోనెసంచులు తగలబెట్టించాను. కుక్కకు, పిల్లికి ఒకే రోజు మందు వేశాను. కూనలను వారం వారం దువ్వించాను. అప్పటికీ నమ్మకం లేక కొడుకు రెండు నెలలు మణిని వీధిలోనే కట్టేశాడు. ఆ తర్వాత గింజలు కనబడలేదు. కుక్క ఇంట్లోకి వచ్చింది.

రిటైరయ్యేదాకా ఇక ఎవరినీ ఏం పెంచుతున్నారని అడగలేదు. మీ గడప లోపల ఏమేం పడుకుంటాయని అడిగాను. మందు పనిచేయలేదని ఎవరైనా వస్తే, ముందు వాళ్లిల్లు చూసొచ్చి ఆ తర్వాతే నోరు తెరిచాను.