మంచం కింద గ్లాసులు

నడక నేర్పడానికి వెళ్లిన ఫిజియోథెరపిస్టు, పేషెంటు కళ్లముందే సొమ్మసిల్లి నేల మీద పడటం మా వృత్తిలో అంత పేరు తెచ్చే పని కాదు. ఆ పని నేను చేశాను. కాలేజీలో ఎవరూ నేర్పలేదు, సొంతంగా సాధించాను.

అప్పుడు హనుమకొండలో కొత్తగా ప్రాక్టీసు పెట్టాను. ప్రాక్టీసంటే ఒక స్కూటీ, ఒక సంచి, ముఖానికి చుట్టిన చున్నీ. పక్షవాతం వచ్చినవాళ్లకూ ఎముకల ఆపరేషన్లయినవాళ్లకూ ఇళ్లకే వెళ్లి వ్యాయామాలు చేయిస్తాను. అది మే నెల. మా వరంగల్ ఎండ ఎరగనివాళ్లకు ఒక్కమాటలో చెప్పాలంటే, నీడలేని చోట ఆపిన స్కూటీ మీద మళ్లీ కూర్చునే ముందు మనిషి తను చేసిన పాపాలన్నీ ఒకసారి గుర్తు చేసుకుంటాడు.

ఎండలో తిరిగేవాళ్లు నీళ్లు బాగా తాగాలి. ఈ సంగతి పేషెంట్లందరికీ నేనే చెప్పేదాన్ని, నా గొంతు ఎండిపోయేదాకా. నేను మాత్రం పొద్దున బయల్దేరింది మొదలు ఇల్లు చేరేదాకా చుక్క ముట్టేదాన్ని కాదు. నీళ్లు తాగితే బాత్రూం కావాలి. ముక్కూమొహం తెలియని ఇంటికి పోయి, "నమస్తే, మీ నాన్నగారి మోకాలు చూడ్డానికొచ్చాను, ముందు మీ బాత్రూం చూపిస్తారా" అని అడగడానికి నోరొచ్చేది కాదు. మగవాళ్లకు ఈ బాధ చెప్పినా తెలియదు. వాళ్లకు ప్రతి గోడా చుట్టమే.

చిక్కేమిటంటే, మా దగ్గర ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్లిస్తారు. వద్దంటే "మా ఇంట్ల తాగవా" అని నొచ్చుకుంటారు. అందుకని ఒక కళ అలవరచుకున్నాను. గ్లాసు అందుకోవడం, పెదవులు తడుపుకోవడం, "ఎంత చల్లగున్నయో" అనడం, వాళ్లు అటు తిరగ్గానే గ్లాసును కనపడని చోటికి నెట్టడం.

స్టేషన్ ఘన్‌పూర్ పోయే దారిలో ఒక ఊళ్లో లచ్చమ్మవ్వ నా పేషెంటు. తుంటి విరిగి ఆపరేషనయింది. వాకర్ పట్టుకుని మంచిగా నడుస్తున్న మనిషి, కొన్నాళ్లుగా లేచి నిలబడితే చాలు, కళ్లు తిరుగుతున్నాయని కూలబడుతోంది. నేను లోతుగా ఆలోచించి బీపీ గోలీలను అనుమానించాను. గోలీల తప్పేం లేదన్నాడు డాక్టరు. డాక్టరును కూడా అనుమానించాను.

ఆ రోజు గుమ్మంలోనే అవ్వ కొడుకు మల్లేశన్న ఆపాడు.

"మేడం, ఇయ్యాల గిట్ల కండ్లు తిరిగినయంటే ఇగ నడిపియ్యుడు బందు. మల్ల కిందపడి ఇంకో తుంటి ఇరిగితె ఎట్ల? మంచంల్నే ఉండనీ."

ఆ వయసులో మంచాన పడితే మళ్లీ లేవడం కష్టం. అది నాకు తెలుసు. లోపల్నుంచి వింటున్న అవ్వకు ఇంకా బాగా తెలుసు. "ఇయ్యాల ఒక్కసారి చూద్దామన్నా" అని లోపలికి నడిచాను. అప్పటికే నా తల గాల్లో తేలుతున్నట్టుంది. ఆత్మవిశ్వాసం అనుకున్నాను.

అవ్వ కోడలు సరోజనక్క కుండలోని నీళ్లు నాకొక గ్లాసు, అవ్వకొక గ్లాసు తెచ్చింది. ఇద్దరం మర్యాదగా అందుకున్నాం. ఇద్దరం పెదవులు తడుపుకున్నాం.

"సల్లగున్నయి" అంది అవ్వ.

"చాలా" అన్నాను నేను.

అక్క వంటింట్లోకి పోగానే, సంచిలో ఏదో వెతుకుతున్నట్టు వంగి, నా గ్లాసును మంచం కిందికి నెట్టాను.

ఠంగుమంది.

మంచం కింద గ్లాసులు బారులు తీరి ఉన్నాయి, అన్నీ నిండుగా. ఒకదాంట్లో చీమలు ఈత నేర్చుకుంటున్నాయి. తలెత్తితే, అవ్వ మంచం మీంచి వంగి నా గ్లాసు వంకే చూస్తోంది. గోలీలు కాదు, డాక్టరు కాదు, అవ్వకు ఒంట్లో నీళ్లే లేవు. ఈ మహా రహస్యాన్ని ఇంటిల్లిపాదికీ ప్రకటిద్దామని లేచాను. గోడ మీది క్యాలెండరు మెల్లగా పక్కకు ఒరిగింది. ఆ తర్వాత నాకు తెలిసిందల్లా నేల చల్లగా ఉందని.

కళ్లు తెరిచేసరికి అవ్వ మంచం మీద నేనున్నాను, కుర్చీలో అవ్వ ఉంది. నా కాళ్ల కింద దిండు, నుదుటి మీద తడిగుడ్డ. సరోజనక్క మంచం కింది గ్లాసులు ఒక్కొక్కటే బయటికి లాగుతోంది.

"ఇవన్ని ఎవలయి?"

"డాక్టరమ్మయే" అంది అవ్వ, నన్ను చూపిస్తూ, తడుముకోకుండా.

"ఆమె వారానికి రెండుసార్లు అస్తది అత్తా. గిన్ని గిలాసలు తాగుతదా?"

"దూప ఎక్కువేమో."

"దూపైతె తాగుతరు గని మంచం కింద దాస్తరా? గిలాసలు మాయమైతున్నయని నేను పక్కింటామె మీద అనుమానపడితి."

అవ్వకు ఇక దారి లేకపోయింది. "బాత్రూమేమో గేటుకాడున్నది. నేను వాకరు పట్టుకొని పోతాంటె అరుగు మీద కూసున్నోల్లంత లెక్కపెడ్తరు, ఇయ్యాల ఎన్నిసార్లు పోయిందని. తాగకపోతె ఆ పంచాయితే లేదాయె." నా వైపు తిరిగింది. "మరి నీకేమైంది బిడ్డా?"

చెప్పాను. పడుకుని చెప్పడం వల్ల సిగ్గు కాస్త తక్కువైంది.

"గీ తెలివి నాకొక్కదానికే ఉన్నదనుకున్న" అంది అవ్వ.

ఒప్పందం కుదిరింది. నేను తాగితే అవ్వ తాగుతుంది, అవ్వ తాగితే నేను. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు, తర్వాత చల్ల, ఆ తర్వాత మళ్లీ నీళ్లు, గుక్క తర్వాత గుక్క. మల్లేశన్న పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా ఎదురుగా కూర్చుని, అయిపోయిన గ్లాసులు బోర్లించి చూశాడు. తర్వాత లేచి పోయి, బాత్రూం దారిపొడుగునా దండెం కట్టి, వీధివైపు అడ్డంగా చెద్దర్లు వేసొచ్చాడు.

ఎండ తగ్గాక అవ్వను మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, నిలబెట్టాను. అందరం ఆమె ముఖంలోకి చూశాం.

"కండ్లు తిరుగుతున్నయానే?" అన్నాడు మల్లేశన్న.

"ఎక్కడియక్కడ్నే ఉన్నయి. ఇగ జరగండి, నేను పోవాలె."

"పో అవ్వా పో" అన్నాడాయన, ముఖం పక్కకు తిప్పుకుని.

అవ్వ బాత్రూం వైపు బయల్దేరింది. పడకుండా పట్టుకోవడానికి వెనకే నేను. ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. అవ్వ తాగినన్ని నీళ్లూ నేను కూడా తాగాను. ఆ ఇంట్లో బాత్రూం ఒక్కటే. అవ్వ వాకర్ ముందుకు జరిపి, ఒక అడుగు వేసి, ఆగి, చెద్దరు అంచు సర్ది, కొడుకు కట్టిన ముడి గట్టిదా కాదా అని లాగి చూసి, ఇంకో అడుగు వేసింది.

"జల్ది నడువాల్నా బిడ్డా?"

"తొందరేం లేదవ్వా. నిమ్మళంగా."

నా వృత్తిజీవితంలో నేనాడిన అతిపెద్ద అబద్ధం అదే.

కొంతసేపటికి నా వంతూ వచ్చింది. ఆ తలుపు మూసుకుని, లోపలి గొళ్లెం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరింట్లో నీళ్లిచ్చినా గ్లాసు ఖాళీ చేసే తీరుతాను. ఏ గడప తొక్కినా మొట్టమొదట అడిగేది నొప్పెక్కడని కాదు, బాత్రూం ఎక్కడని. ఈనాటికీ మాట తప్పలేదు. ఆ ప్రశ్నకు కొందరు విస్తుపోయి కారణం అడుగుతారు. చెప్పను. అప్పటికి అంత టైముండదు.